లెక్కల మాస్టారిని అడగండి

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి పదో తరగతి. మధ్యగతం ఫార్ములా నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, లెక్కలో మాత్రం తప్పుతోంది. 40 మంది పిల్లల మార్కులివి: 0–10లో 4, 10–20లో 8, 20–30లో 16, 30–40లో 7, 40–50లో 5 మంది. తనకు 15 వచ్చింది, పుస్తకంలో 25 ఉంది. పరీక్షలు తనకైనా టెన్షన్ మాత్రం నాకే.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, 15 అనగానే ఎక్కడ జారిందో తెలిసిపోయింది. మధ్యగతమంటే మార్కుల వరసలో సరిగ్గా మధ్యనున్నవాడి మార్కు. 40లో సగం 20. వరసగా కూడుతూ వస్తే 4, 12, 28. ఇరవయ్యో పిల్లాడు 20–30 తరగతిలో పడతాడు. ఇక్కడిదాకా మీ అమ్మాయి సరిగ్గానే చేసి ఉంటుంది. ఆ తర్వాత ఫార్ములాలో సంచిత పౌనఃపున్యం, అంటే ఇలా కూడుతూ వచ్చిన మొత్తం, దగ్గర అదే వరసలోని 28 వేసేసింది. వేయాల్సింది దాని పై వరసలోని 12. ఈ పొరపాటు చేస్తే జవాబు ఎప్పుడూ సరిగ్గా ఒక తరగతి పొడవు తగ్గుతుంది. ఇక్కడ ఆ పొడవు 10, అందుకే 25 కాస్తా 15 అయింది.

ఫార్ములాల చార్టు గోడకు అంటించడం నాకు అంతగా నచ్చదు. ఈ రాత్రి పుస్తకం మూయించి అడగండి. 20 మార్కుల లోపు ఎంతమంది? 12. ఇరవయ్యో వాడిదాకా ఇంకెందరు కావాలి? 8. ఈ తరగతిలోని 16 మంది 10 మార్కుల మేర సమంగా పరుచుకున్నారనుకుంటే, 8 మందికి ఎన్ని మార్కులు? 5. 20కి 5 కలిపితే 25. ఫార్ములా చేసే పనీ ఇంతే. మధ్యగత తరగతి 20–30 అని తనే రాసి, కింద 15కి గడి కట్టిందంటే జవాబును తిరిగి చూసుకోలేదన్నమాట. ఆ అలవాటు చేయించండి.

తరగతులు 10–19, 20–29 అని ఇస్తే మాత్రం 19కీ 20కీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి, 20–29 తరగతి దిగువ హద్దు 20 కాదు, 19.5.

ప్రశ్న: సార్, ఎక్స్ స్క్వేర్ = 5ఎక్స్ అని ఇచ్చారు. రెండువైపులా ఎక్స్ కొట్టేసి 5 రాశాను. మా సారు సగం మార్కులు కోశారు. ఎందుకు?
– పదో తరగతి విద్యార్థి, కరీంనగర్

జవాబు: కొట్టేయడమంటే ఎక్స్‌తో భాగించడమే కదా బాబూ, ఆ ఎక్స్ సున్నా అయితే? అంతా ఒకవైపు తెచ్చి కామన్ తీయి: ఎక్స్(ఎక్స్ – 5) = 0. మూలాలు 0, 5. నువ్వు కొట్టేసింది ఒక జవాబునే. సగమే కోశారంటే మీ సారు మంచివారు.