ఇల్లు కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి, అత్త ఆశీస్సులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మన విశాఖలోనే, మధురవాడలో మీరిద్దరూ ఒక ఇల్లు చూశారనీ, నచ్చిందనీ, వచ్చే శుక్రవారం అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్లల్లో తన సంపాదనతో ఇల్లు కొంటున్నది నీవే మొదటిదానివి. ఆ కబురు విన్నప్పటినుంచి పాలవాడి దగ్గర మొదలుపెట్టి కనబడినవారందరికీ చెప్పుకుంటూనే ఉన్నాను. అయితే, ‘రిజిస్ట్రేషను లోపల ఇంకో నాలుగుసార్లు చూసి రమ్మను’ అని నేనంటే, ‘ఒకసారి చూశారు కదా అక్కా, పదే పదే వెళితే వాళ్ళేమనుకుంటారు’ అన్నాడు మీ నాన్న. ఆ మాట వాడి నోట నేను పూర్వం కూడా విన్నాను కనుక, ఫోనులో చెబితే సగం మరిచిపోతావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. ఆస్తి మీద తాకట్టులేమైనా ఉన్నాయేమో చూపే ఈసీ, పాత యజమానుల లింకు దస్తావేజులు, ప్లాను మంజూరు, రిజిస్ట్రేషను చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదా లేదా అన్నవి ప్లీడరు చూసుకుంటాడు. సింహాచలం దేవస్థానం భూముల గొడవ అడవివరం, వేపగుంట ప్రాంతాలదని మీకు చెప్పారట. అయినా సర్వే నంబరు చూడమనండి. అంతటితో ఆ విషయం వదిలేస్తాను. నాకున్న భయం కాగితాల గురించి కాదు, గోడల గురించి.

ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా పనిచేసిన మీ మావయ్య ఇల్లు కొనే ప్రతివాడికీ ఒకే సంగతి చెప్పేవారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని ముఖ్యమైన లోపం ఇంటిలో ఉంటే అమ్మేవాడు దానిని చెప్పి తీరాలి. అంటే చూస్తే కనబడేదానిని మనం చూడకుండా కొనుక్కుంటే, ఆ తరువాత చట్టాన్ని పట్టుకుని ఏడ్చి లాభం లేదు. అడ్వాన్సుకూ రిజిస్ట్రేషనుకూ మధ్య ఉండే గడువు డబ్బు కూడబెట్టుకోవడానికి మాత్రమే అని అందరూ అనుకుంటారు. ఆయన మాత్రం అది ఇంటిని చూసుకోవడానికి ఇచ్చిన గడువు అనేవారు.

ఇక, నీవు పుట్టక ముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఇంతవరకు నీకెవ్వరూ చెప్పి ఉండరు. మర్రిపాలెం దాటాక గెడ్డకు, అదే వాగుకు, దగ్గరగా ఉన్న సందులోని ఇంటిలో నీవు పదో తరగతి వరకు పెరిగావు. మంచం కోళ్ళ కింద ఇటుకలుండేవి, బియ్యం డబ్బా అటక మీద ఉండేది, నీ పుస్తకాల అలమరలో అడుగు అర ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అవి మీ అమ్మ చాదస్తమని నీవు నవ్వుతూ ఉండేదానివి. ఆ ఇంటిని మీ నాన్న ఫాల్గుణ మాసంలో, మిట్టమధ్యాహ్నం, ఒకే ఒక్కసారి చూశాడు. అమ్మేవారు రిటైరయిన పెద్దమనిషి. చాప పరిచి కూర్చోబెట్టి చల్ల ఇచ్చారు. వెనక గదిలో పడమటి గోడకు అడ్డంగా ఇనుప బీరువా, దాని పక్కనే గోడకు నిలువెత్తు చీర తెర కట్టి ఉన్నాయి. తెర వెనక ఏముందని అడిగే ధైర్యం మీ నాన్నకు లేదు. బయటికి వచ్చాక, ‘ఎంత మర్యాదస్థులో చూశావా’ అన్నాడు నాతో.

అడ్వాన్సు ఇచ్చాక నాలుగు నెలల పైచిలుకు గడువున్నది. ఆ నడుమ ఆషాఢంలో ఒక సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. ‘ఇప్పుడు వెళ్ళి చూసి రా, వానలోనే ఇల్లు ఎలాంటిదో తెలుస్తుంది’ అని మీ మావయ్య గొడుగు తెచ్చి మీ నాన్న చేతిలో పెట్టారు. అమ్మేవారి అమ్మాయి పురిటికి వచ్చిందట, ఈ వేళప్పుడు వెళితే బాగుండదని, వాడు ఆ గొడుగును చిలక్కొయ్యకు తగిలించి అన్నానికి కూర్చున్నాడు. శ్రావణంలో రిజిస్ట్రేషను అయింది. వాళ్ళు బీరువా తీసుకుని వెళ్ళిన రోజున చూస్తే, దాని వెనక గోడ నడుమెత్తు వరకు నల్లబడి, చేత్తో తాకితే సిమెంటు పెచ్చులుగా రాలింది.

చెమ్మ మాత్రమే అయితే భరించవచ్చు. ఆశ్వయుజంలో వాయుగుండం పట్టిన రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. వీధి గుమ్మం దగ్గర ఇసుక బస్తాలు వేసి అందరం అటే చూస్తూ ఉంటే, నీళ్ళు స్నానాల గది తూములోంచి పైకి వచ్చాయి. గెడ్డ నిండి, మురుగు వెనక్కి తన్నింది. గోధుమరంగు నురగ, దాని మీద తేలుతూ ఎవరిదో చెప్పు, ఆ వెనకాలే నీళ్ళు గడప దాటి వంటింటిలోకి నడిచి వచ్చినట్టుగా వచ్చాయి. అప్పుడు నీవు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఆమె మంచం మీద బియ్యం సంచి ఒళ్ళో పెట్టుకుని, తెల్లవారేదాకా కాళ్ళు కిందికి దించకుండా కూర్చున్నది. ఆ తరువాత మీ నాన్న వెళ్ళి ఆ పెద్దమనిషిని అడిగితే, ‘నీవు అడగలేదు కదా బాబూ, అడిగితే చెప్పేవాడినే’ అన్నారట. పక్కింటి ముసలమ్మ కూడా అదే మాట అన్నది. నేల ఎత్తు చేయించడానికి మీ అమ్మ గాజులు వెళ్ళాయి. నీ ఇంజనీరింగు ఫీజు దగ్గర మీ నాన్న అంత తడుముకోవడానికి మొదలు అక్కడే ఉన్నది.

ఈ ప్రస్తావన వాడి దగ్గర తేకు. వాడు తెలివితక్కువవాడు కాడు, ఎదుటివారిని ఇబ్బంది పెట్టలేడు. నీకూ ఆ మెతకదనమే వచ్చింది. చిన్నప్పుడు కొట్లో చిల్లర తక్కువ ఇస్తే అడగలేక ఇంటికి వచ్చి ఏడ్చేదానివి. ఆ గుణం నాకు ముద్దే కాని, రిజిస్ట్రేషను పెట్టుకున్న కార్తీకం వరకు దానిని కాస్త పక్కన పెట్టు తల్లీ.

ఆ ఇంట్లో వెనక గది అంతా అగరుబత్తి వాసనతో గుడిలా ఉన్నదని నీవు మురిసిపోయావట. వారు దైవభక్తులే అయి ఉండవచ్చు. అయినా దేవుడి గది ముందువైపు ఉండగా వెనక గదిలో అగరుబత్తి ఎందుకు వెలిగించారో తెలుసుకోవలసిందే. ఈసారి వెళ్ళినప్పుడు కిటికీలు తీయించి, కాసేపు మాట్లాడుతూ ఆ గదిలోనే కూర్చో. గోడ అడుగున చవుడు తెల్లగా పొంగిందేమో, ఒక్క గోడకే కొత్త రంగు వేశారేమో చూడు. వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం వస్తున్నదేమో విను. సామాను అడ్డుంటే, ‘ఒక జానెడు జరుపుతారా అండీ’ అని నవ్వుతూ అడుగు. జరపనంటే అదే నీకు జవాబు.

మళ్ళీ చూస్తామని అడ్వాన్సు ఇచ్చాక అడిగితే అది వారి దయ అవుతుంది, ముందే రాసుకుంటే మీ హక్కు అవుతుంది. కనుక ఈ సంగతి బ్రోకరుకు ఇప్పుడే చెప్పి, అగ్రిమెంటులో ఒక షరతుగా రాయించండి. ఒకరోజు ముందు తెలియజేసి మేస్త్రినీ, ప్లంబరునూ, ఎలక్ట్రీషియనునూ వెంటబెట్టుకుని రావచ్చుననీ, పెద్ద వాన పడితే ఆ పూటే ఫోను చేసి రావచ్చుననీ, రిజిస్ట్రేషనుకు ముందు ఖాళీ చేసిన ఇంటిని చూశాకే మిగిలిన సొమ్ము ఇస్తారనీ అందులో ఉండాలి. ఉంచేసి వెళతామన్న ఫ్యాన్లు, గీజరు, మోటారు, ఇన్వర్టరు పేరుపేరునా రాయించండి. ఒప్పుకోవడానికి వారు నసిగితే, శుక్రవారం దాటిపోయినా ఫరవాలేదు. శ్రావణంలో మంచిరోజులకు కొదవ లేదు.

రిజిస్ట్రేషను కార్తీకంలో పెట్టుకోవడం మాత్రం చాలా మంచి పని. మన ఊరికి పెద్ద వానలు, తుఫానులు ఎక్కువగా వచ్చేది ఆ లోపలే. హుద్‌హుద్ వచ్చినది కూడా 2014 అక్టోబరు 12న కదా. ఆ ఇల్లు అంతకు ముందు కట్టినదే అంటున్నారు కనుక, ఆ రోజు కిటికీలు ఏమయ్యాయో, నీళ్ళు ఎటునుంచి లోపలికి కొట్టాయో అడుగు. ఈ ఇంటికి గెడ్డ లేదని మీ నాన్న ధైర్యం. కొండవాలున్నది కదా! వాన వెలిసిన గంటలోపల వెళ్ళి, కొండమీది నీళ్ళు ఏ దారిన దిగుతున్నాయో, వెనక అడ్డుగోడకు వదిలిన రంధ్రాలు నీళ్ళు వదులుతున్నాయో, మట్టితో పూడిపోయి ఉన్నాయో నీ కళ్ళతో చూడు. ఆ గోడ బయటికి పొట్ట వేసిందా అన్నది మేస్త్రి చూస్తాడు. అల్లుడుగారికి ఆఫీసు ఉంటే నన్ను పిలువు. మోకాళ్ళ నొప్పులున్నా ఆ ఒక్క పనికి నేను వస్తాను.

మేస్త్రితో వెళ్ళినప్పుడు డాబా, సన్‌షేడుల అడుగుభాగం తప్పక చూపించు. ఉప్పుగాలికి చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే, చువ్వ పోయిన దారినే ఎర్రటి గీత, ఆపైన పగులు వస్తాయి. పైన రంగు వేస్తే కొన్నాళ్ళు కనబడదు. మేడ మీది స్నానాల గదిలో తూముకు గుడ్డ కుక్కి, రెండు వేళ్ళ లోతు నీళ్ళు నిలిపి, మర్నాడు కింది గది కప్పు చూడాలి. ఇందుకు వారిని బతిమాలవలసి వస్తుంది, బతిమాలు. కుళాయి వచ్చే వేళకు ఒక ఉదయం వెళ్ళు. బోరు నీళ్ళలో సబ్బు నురగ వస్తుందో లేదో చూడు. రాత్రి తొమ్మిది తరువాత ఇద్దరూ ఇంటిలోకి వెళ్ళకుండా వీధిలో నడిచి రండి. పీఎం పాలెం స్టేడియంలో మ్యాచి ఉన్న రోజయితే మరీ మంచిది, ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుందో అల్లుడుగారికి అర్థమవుతుంది.

పై వాటాలో అద్దెకున్నవాళ్ళను యజమాని పక్కన లేనప్పుడు పలకరించు. ఇంటి గుట్టు వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్ళు ఎప్పుడు ఖాళీ చేస్తారో కూడా వాళ్ళ నోటనే విను. ఎప్పుడు వెళ్ళినా భోజనాల వేళ తప్పించు, అరటిపళ్ళో పువ్వులో పట్టుకుని వెళ్ళు, వాళ్ళ ఇంటిని వాళ్ళ ముందు వంక పెట్టకు. అది ఇంకా వాళ్ళ ఇల్లే. చూసినవి పుస్తకంలో రాసుకుని, బేరం సంగతి బ్రోకరు చేత మాట్లాడించు.

చివరిసారి వెళ్ళేది సామాను పూర్తిగా తీసేశాక, రిజిస్ట్రేషనుకు ముందురోజున. బీరువాలున్న చోట్లు, మంచాల వెనక గోడలు ముందు చూడు. జాబితాలో రాసినవన్నీ ఉన్నాయా, మీటరు రీడింగు ఎంత, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, కుళాయి పన్ను ఎంతవరకు కట్టారు అన్నవి రసీదులతో సరిచూసుకో. అమ్మకం తేదీ వరకు ఉన్న బకాయిలు అమ్మేవారివేనని ఆ 55వ సెక్షనే చెబుతున్నది. ఏదైనా తేడా కనబడితే, అందరూ బయలుదేరి వస్తున్నారే, ముహూర్తం దాటిపోతున్నదే అని మొహమాటపడి సంతకం పెట్టకు. బాగు చేయించాకే పెడతామని గాని, ఇంత తగ్గించి ఇస్తామని గాని కాగితం మీద రాయించుకో.

అగ్రిమెంటు చిత్తుప్రతి గురువారం లోపల వాట్సాప్‌లో పంపు. నాకు చిన్న అక్షరాలు కనబడవు, పక్కింటి అబ్బాయి చేత చదివించుకుంటాను. నేను చూశానని చెప్పేదాకా సంతకం చేయకండి.

మీ అత్త