బరంపురంలో మేయరు పదవి రాజకీయ జీవితానికి మెట్టు అవుతుందా?

ఒడిశాలోని బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన మీరు, ఎప్పటికైనా నగరానికి మేయరు కావాలన్నది మీ కోరిక అనీ, ఆ పదవి శాసనసభకు దారి తీస్తుందా లేక అక్కడితోనే ఆగిపోతుందా అనీ అడిగారు. 2022 ఎన్నికల్లో మా వార్డు అభ్యర్థి తరఫున పెద్దబజారు వైపు వీధుల్లో ఇంటింటికీ తిరిగాను. అంతకు ముందు నుంచీ నగరపాలన వ్యవహారాలను శ్రద్ధగా గమనిస్తున్నాను. ఆ అనుభవం మీద నాకు కలిగిన అభిప్రాయం ఇది: ఈ పదవికి ప్రజాబలం చాలా ఎక్కువ, చేతిలో ఉండే అధికారం తక్కువ, రెండోసారి అదే కుర్చీలో కూర్చునే అవకాశం మరీ తక్కువ.

ముందుగా ప్రజాబలం సంగతి. 1867 నుంచి పురపాలక సంఘంగా ఉన్న బరంపురం 2008 డిసెంబరులో కార్పొరేషను అయింది. 2022 మార్చిలో ఒడిశాలో మొదటిసారి మేయర్లను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. కార్పొరేటరుకు ఒక ఓటు, మేయరుకు మరొక ఓటు. మేము తిరిగిన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఈ రెండు ఓట్ల సంగతి ఓపికగా వివరించవలసి వచ్చేది. అప్పట్లో రాష్ట్రాన్ని పాలిస్తున్న బీజూ జనతాదళ్ (బీజేడీ) అభ్యర్థిగా సంఘమిత్ర దళేయి గెలిచారు. నలభై రెండు వార్డుల ఓటర్లందరూ కలిసి ఎన్నుకున్న మనిషి మాటకు ఉండే బరువు వేరు. విశాఖపట్నంలో 2021లో కార్పొరేటర్లు ఎన్నుకున్న మేయరు, రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తరువాత, 2025 ఏప్రిల్‌లో కార్పొరేటర్ల అవిశ్వాస తీర్మానంతోనే పదవి కోల్పోయారు. ఎన్నుకునేవారు ఎవరన్న దానిని బట్టి మేయరు ఎవరి మొహం చూసి పని చేయాలన్నది మారిపోతుంది కాబట్టి, ప్రత్యక్ష ఎన్నికే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఆ బలానికి తగిన అధికారం ఉందా అంటే, లేదనే చెప్పాలి. ఇంటింటి ప్రచారంలో మేము ఎక్కువగా విన్నది నీళ్ళ గోడు. వేసవి వచ్చిందంటే కుళాయి దగ్గర కూర్చోవలసిందేనని ఆడవాళ్ళు చెప్పేవారు. తాగునీటి సరఫరా చూసేదేమో రాష్ట్ర ప్రభుత్వం కింద పని చేసే సంస్థ. భవన నిర్మాణాలు, లేఅవుట్ల వ్యవహారం బరంపురం అభివృద్ధి సంస్థది. కరెంటు పంపిణీ 2021 నుంచి టాటా పవర్ వారి కంపెనీ చేతిలో ఉంది. జిల్లా కలెక్టరు కూర్చునేది జిల్లా కేంద్రమైన ఛత్రపురంలో. మేయరుకు మిగిలేవి చెత్త, మురుగు కాలువలు, వీధి దీపాలు, బజార్లు, హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను), రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర అనే అమ్మవారి జాతర ఏర్పాట్లలో నగరపాలన వంతు పనులు. ఇవి చిన్న పనులు కావు. ఊరి ఆరోగ్యం చాలావరకు కాలువలను బట్టే ఉంటుంది. కానీ వీటిలోనూ ఫైలు నడిపించేది ప్రభుత్వం నియమించే కమిషనరే. కౌన్సిలు తీర్మానం చేస్తుంది, అమలు మాత్రం కమిషనరు చేతిలో ఉంటుంది. నీళ్ళు రాకపోతే జనం నిలదీసేది మాత్రం తాము ఓటు వేసిన మనిషినే. 2024లో రాష్ట్రంలో బీజేడీ ఓడి బీజేపీ ప్రభుత్వం వచ్చాక, మేయరును గెలిపించిన పార్టీకి భువనేశ్వర్‌లో అధికారం లేకుండా పోయింది. నిధుల కోసం భువనేశ్వర్ వైపే చూడవలసిన పదవికి ఇది ఎంత కష్టమో మీరే ఊహించవచ్చు.

రెండోసారి అవకాశం సంగతి చాలామంది ఆలోచించరు. మేయరు స్థానానికి రిజర్వేషను వంతులవారీగా మారుతుంటుంది కనుక, ఎంత మంచి పేరు తెచ్చుకున్నవారైనా తరువాతి ఎన్నికలో అదే స్థానానికి అర్హులు కాకపోవచ్చు. 2022లో బరంపురం మేయరు స్థానం మహిళలకు కేటాయించారు. పైగా ఎన్నికలు సకాలంలో జరుగుతాయన్న భరోసా కూడా లేదు. పాలకవర్గం గడువు ముగిసేలోగా కొత్త ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతున్నా, 2013లో ఏర్పడిన పాలకవర్గం గడువు 2018లో ముగిస్తే తిరిగి ఎన్నికలు జరిగింది 2022లోనే. ఆ మధ్య కాలమంతా నగరాన్ని అధికారులే నడిపారు. ఎన్నికలనే నమ్ముకున్న నాయకుడికి అన్ని సంవత్సరాల విరామం చిన్న దెబ్బ కాదు.

ఇక శాసనసభ మాట. బరంపురం శాసనసభ నియోజకవర్గ ఓటర్లలో అత్యధికులు నగరవాసులే. అంటే నేరుగా గెలిచిన మేయరు, శాసనసభ్యుడి ఓటర్లనే తన ఓటర్లుగా చూపగలరు. అందువల్ల ఎదుటి పార్టీ కంటే ముందు సొంత పార్టీలోని శాసనసభ్యుడితోనే పోటీ మొదలవుతుందని నా అభిప్రాయం. పొరుగున విశాఖలో 1995లో నేరుగా ఎన్నికైన మేయరు సబ్బం హరి 2009లో అనకాపల్లి నుంచి లోక్‌సభకు వెళ్ళారు. దారి ఉంది, కానీ రెండింటి మధ్య పద్నాలుగేళ్ళు గడిచాయి.

అందుచేత ఐదేళ్ళ గడువు ప్రకారం 2027లో జరగవలసిన ఎన్నికలకు మీరు సిద్ధమయ్యేటట్లయితే, మేయరు స్థానం ఎవరికి రిజర్వు అవుతుందోనని ఎదురుచూస్తూ కూర్చోకండి. మన వీధుల్లో ప్రచారం తెలుగులో సాగినా కౌన్సిలులో చర్చలు, తీర్మానాలు ఒడియాలోనే నడుస్తాయి కనుక, ఒడియా తడుముకోకుండా చదవడం, రాయడం అలవాటు చేసుకోండి. వార్డు స్థానాల్లోనూ రిజర్వేషను ఉంటుంది గాని, అవి చాలా ఉంటాయి కనుక చుట్టుపక్కల ఏదో ఒక వార్డు మీకు తెరిచే ఉంటుంది. డిప్యూటీ మేయరును కార్పొరేటర్లే తమలో నుంచి ఎన్నుకుంటారు కాబట్టి, మేయరు స్థానం మీకు అందకపోయినా వార్డులో గెలిస్తే ఆ పదవికైనా పోటీ పడవచ్చు, ఐదేళ్ళు కౌన్సిలులో కూర్చుని పని నేర్చుకోవచ్చు.