పెన్ డిస్‌ప్లే కొనండి, కానీ ఆ ఈఎమ్ఐ మాత్రం వద్దు

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్‌ని. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను, అప్పుడప్పుడు లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు కూడా. ఇప్పటిదాకా స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ మీదే నడిపిస్తున్నా. 24 అంగుళాల 4కే పెన్ డిస్‌ప్లే (స్క్రీన్ మీదే నేరుగా పెన్‌తో గీసేది) మీద మనసు పడింది, 18 నెలల ఈఎమ్ఐ ఇస్తామంటున్నారు, వడ్డీ ఏడాదికి 18 శాతం. నా నెల సగటు సంపాదన 100 అనుకుంటే దాని ధర 240, అదే 16 అంగుళాలదైతే 60. ఇంటి ఖర్చు 60. పని లేని నెలలో 40 మాత్రమే వస్తుంది. సేవింగ్స్ 150 ఉన్నాయి. నెలకి 120 గంటలు పని చేస్తే అందులో 40 గంటలు ఇంకింగే, అంటే స్కెచ్ మీద ఫైనల్ గీతలు గీయడం. ఫ్రెండ్ దగ్గర డిస్‌ప్లే మీద గీసి చూస్తే ఇంకింగ్‌లో పావు వంతు టైమ్ తగ్గింది, కలరింగ్‌లో పెద్ద తేడా లేదు. కొనేయమంటారా?

జవాబు: కొనండి. కానీ ఆ పెద్దది కాదు, అప్పు చేసి అసలే కాదు.

మీరు ఫ్రెండ్ దగ్గర గీసి చూసి మరీ రాశారు కదా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క అదే, ఎందుకంటే చాలామంది రివ్యూలు చూసి కొనేస్తారు, తమ పనిలో ఏ భాగం దగ్గర టైమ్ పోతోందో చూసుకోరు. మీకు 40 గంటల ఇంకింగ్‌లో పావు వంతు అంటే నెలకి 10 గంటలు మిగులుతాయి. 120 గంటలకి 100 వస్తోంది కాబట్టి గంటకి 0.83, అంటే ఆ 10 గంటల విలువ 8.3. ఇప్పుడు 60 పెట్టి కొన్నది ఏడెనిమిది నెలల్లో తన ఖర్చు తను రాబట్టుకుంటుంది. 240 పెట్టి కొన్నదానికి 29 నెలలు పడుతుంది, అదీ మిగిలిన గంటలకి కొత్త పని దొరికితేనే, దొరక్కపోతే మీకు మిగిలేది కాస్త విశ్రాంతి, అదీ మంచిదే కానీ దాంతో ఈఎమ్ఐ కట్టలేం కదా.

ఈఎమ్ఐ లెక్క కూడా చూద్దాం. 240 కి 18 శాతం వడ్డీతో 18 నెలలంటే నెలకి దాదాపు 15.3, మొత్తం కట్టేది 275 పైనే. సగటు నెలలో మీకు 40 మిగులుతోంది కాబట్టి 15 ఎంతలే అనిపిస్తుంది. కానీ ఫ్రీలాన్సర్‌కి సగటు నెల అనేది కాగితం మీదే ఉంటుంది, చేతికొచ్చేది మంచి నెల లేదంటే చెడ్డ నెల. 40 వచ్చిన నెలలో ఇంటి ఖర్చుకే 20 తక్కువ పడుతున్నాయి, ఈఎమ్ఐ కలిస్తే 35. అలాంటివి వరసగా రెండు నెలలు వస్తే 150 లో దాదాపు సగం ఎగిరిపోతుంది. ఆ భయంతో తక్కువ రేటుకి పని ఒప్పుకోవడం మొదలవుతుంది, నాకు దీని గురించే ఎక్కువ దిగులు, ఎందుకంటే ఒకసారి తగ్గించిన రేటు ఆ క్లయింట్ దగ్గర మళ్ళీ పెంచడం మహా కష్టం. నో కాస్ట్ ఈఎమ్ఐ అన్నా సరే, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు అని అడిగి చూడండి, చాలాసార్లు వడ్డీ అక్కడ దాక్కుని ఉంటుంది.

నేను చెప్పేది ఏంటంటే ఆ 15 ఎలాగూ కట్టగలను అనుకున్నారు కదా, ఇవాళ్టి నుంచి విడిగా ఒక అకౌంట్‌లో వేసుకోండి. నాలుగు నెలల్లో 60 అవుతాయి. మధ్యలో చెడ్డ నెల వస్తే ఆ నెల ఆపేయండి, ఎవరూ పెనాల్టీ వెయ్యరు, నాలుగు కాస్తా ఐదు నెలలు అవుతుంది అంతే. సేవింగ్స్ 150 ని మాత్రం ముట్టుకోవద్దు, అది మీకు రెండున్నర నెలల ఇంటి ఖర్చు, సంపాదన ఇలా ఎగుడుదిగుడుగా ఉండేవాళ్ళకి ఆరు నెలలది ఉండాలంటాను నేను. డిస్‌ప్లే కొన్నాక కూడా ఆ 15 ఆపకుండా సేవింగ్స్‌లోకే మళ్ళించండి.

ఇక ఏది కొనాలన్నది. 13 అంగుళాల దాంట్లో గీసే చోటు సుమారు 29 సెంటీమీటర్ల పొడవు, 16.5 వెడల్పు ఉంటుంది, ఏ4 కాగితం కంటే సన్నం, టూల్ ప్యానెల్స్ తెరిస్తే ఇంకా ఇరుకైపోతుంది. 16 అంగుళాలదైతే 34కి 19, పుస్తకం పేజీ ఇంకింగ్‌కి సరిపోతుంది. ఈ సైజులో ఫుల్ హెచ్‌డీ చాలు, 4కే తీసుకుంటే ఐకాన్లు చిన్నవైపోయి స్కేలింగ్ పెట్టుకోవాలి, అంటే వాటిని పెద్దవి చేసే సెట్టింగ్, లాప్‌టాప్ గ్రాఫిక్స్ మీద కూడా భారం పడుతుంది. పెన్ ప్రెషర్ (ఎంత గట్టిగా నొక్కారో పెన్ గుర్తించే మెట్లు) 8192 లెవెల్సా 16384 లెవెల్సా అని బుర్ర పాడు చేసుకోకండి, చేతికి తెలిసేది అది కాదు, ఎంత తేలిగ్గా ముట్టించినా గీత మొదలవుతుందా అన్నది. రెండోది లామినేషన్, అంటే గ్లాస్‌ని ప్యానెల్‌కి అతికించి ఉండటం, గ్లాస్‌కి ప్యానెల్‌కి మధ్య ఖాళీ ఉంటే పెన్ మొన ఒక చోట, గీత కొంచెం పక్కన పడినట్టుంటుంది, రోజంతా సన్నగీతలు గీసే మీకు అది చిరాకు. వాకామ్, హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్ మూడింట్లోనూ బ్యాటరీ అక్కర్లేని పెన్‌తో మోడల్స్ ఉన్నాయి, బ్రాండ్ కంటే మీ ఊళ్ళో సర్వీస్ ఎవరికుందో చూసి ఎంచుకోండి.

ఆ 60 లో రాని ఖర్చులు కూడా రాసుకోండి. స్టాండ్ లేకపోతే దాని మీదకి వంగి వంగి మెడ పట్టేస్తుంది, ఇప్పుడున్న టాబ్లెట్ మీద తల ఎత్తి మానిటర్ చూస్తూ గీస్తున్నారు కాబట్టి ఆ సంగతి మీకింకా తెలిసుండదు. నిబ్‌లు, అంటే పెన్ మొనలు, అరుగుతాయి. లాప్‌టాప్‌కి యూఎస్‌బీ సీ పోర్ట్ ఉన్నంత మాత్రాన వీడియో వెళ్తుందని లేదు, డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (ఆ పోర్ట్ నుంచి వీడియో పంపే సదుపాయం) ఉందేమో లాప్‌టాప్ స్పెసిఫికేషన్‌లో చూడండి, లేకపోతే హెచ్‌డీఎమ్ఐ, యూఎస్‌బీ రెండూ కలిపిన కేబుల్ కావాలి, అది బాక్స్‌లో వస్తోందో లేదో అడగండి. సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా చందా కడుతుంటే క్రీటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఒకసారి వాడి చూడండి, ఫ్రీ, బొమ్మలకి బాగా పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే నాకేం అభ్యంతరం లేదు, స్క్రీన్ నాలుగైదేళ్ళు పాతదైనా మీ ఇప్పటి కంప్యూటర్‌కి డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) దొరుకుతుంటే చాలు. వెళ్ళినప్పుడు స్కేల్ ఆనించి మూల నుంచి మూలకి చాలా నెమ్మదిగా గీత గీయండి, గీత అలలు అలలుగా వస్తే వదిలేయండి. తెల్ల బొమ్మ ఒకటి, నల్ల బొమ్మ ఒకటి ఫుల్ స్క్రీన్‌లో పెట్టి చచ్చిన పిక్సెల్స్ చూడండి. నాలుగు మూలల్లోనూ పెన్ మొన, కర్సర్ ఒకే చోట ఉన్నాయా చూడండి.

కొన్నాక పాత టాబ్లెట్‌ని అమ్మేయకండి. దానికొచ్చేది కొంచెమే, కానీ డిస్‌ప్లే రిపేరుకి వెళ్ళి రెండు వారాలు రాకపోతే డెడ్‌లైన్ ఉన్న పుస్తకం దాని మీదే పూర్తి చేయాల్సి వస్తుంది.