ఈల్‌పౌట్ పడితే పారేయకండి, పులుసు పెట్టుకోండి

చేపలు పట్టడానికి వెళ్లినప్పుడు అనుకోని చేప ఏదైనా పడిందా, దాన్ని ఏం చేశారు అని అడిగారు. పడింది. వండుకుని తిన్నాం. మళ్లీ పడినా అదే చేస్తాను. దాని పేరు బర్బోట్. నేనుండే అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఈల్‌పౌట్ అంటారు. ఇక్కడ గాలం వేసేవాళ్లలో చాలామందికి అదంటే అసహ్యం. నన్నడిగితే చలికాలంలో ఈ రాష్ట్రంలో దొరికే చేపల్లో దాన్ని మించింది లేదు.

జనవరిలో కెనడా సరిహద్దు మీదున్న లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సుకి వెళ్లాం. నేను, ఏలూరు నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగం చేస్తున్న నా ఫ్రెండు, మా ఆఫీసులో ఒక పెద్దాయన. దగ్గర్లోని బొడెట్ ఊళ్లో వాలై అనే చేపకు 40 అడుగుల విగ్రహం కట్టారంటే దాని మీద వాళ్లకు ఎంత ప్రేమో చూడండి. అందరూ ఆ చేప కోసమే వస్తారు, మేమూ దాని కోసమే వెళ్లాం. బయట సున్నాకు 25 డిగ్రీలు కింద. గడ్డకట్టిన సరస్సు మీద చిన్న చెక్క గది, లోపల గ్యాస్ హీటర్, నేలలో మరతో తొలిచిన కన్నాలు. అందులోంచి ఎర వదిలి కూర్చోవడమే పని.

సాయంత్రం దాకా వాలైలు బాగానే పడ్డాయి. చీకటి పడగానే ఆగిపోయాయి. ఇక సర్దుకుందాం అనుకుంటుండగా నా కర్ర వంగింది. చేప లాగినట్టు లేదు, అడుగున ఏదో బరువు వేలాడుతున్నట్టు ఉంది. చుడుతూ చుడుతూ పైకి తెస్తే కన్నంలోంచి వెడల్పాటి తల వచ్చింది. గడ్డం కింద ఒకే ఒక్క మీసం. ఒళ్లంతా పసుపు, గోధుమ రంగు మచ్చలు, జిగురు. పట్టుకోగానే తోక తిప్పి నా మణికట్టుకు చుట్టేసింది.

"ఒరేయ్, మలుగుపామురా అది, వదిలెయ్!" అని మావాడు గోడకు ఆనుకుపోయాడు.

పెద్దాయన మాత్రం తాపీగా తలుపు తీసి, మంచు మీదకి విసిరెయ్ అన్నాడు. తొంగి చూస్తే పక్క గదుల వాళ్లు విసిరేసినవి అప్పటికే బయట కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. తినరు సరే, బతికున్నదాన్ని నీళ్లలోకి వదలడానికి ఏమైంది? కన్నం కాళ్ల దగ్గరే ఉంది కదా. వాలై గుడ్లు తినేస్తుంది, వాలై ఎర కొట్టేస్తుంది అని ఏవేవో చెబుతారు. అసలు కారణం దాని మొహం నచ్చకపోవడం, అంతే. బ్రిటన్ నదుల్లో ఒకప్పుడు ఇవి ఉండేవి. అక్కడ చివరిసారి దొరికింది 1969లో. ఉన్నన్నాళ్లూ విలువ తెలియకపోతే ఇక్కడా అదే గతి పడుతుంది.

ఇది కాడ్ అనే సముద్రపు చేప జాతిది. ఆ కుటుంబంలో బతుకంతా మంచినీళ్లలోనే గడిపేది ఇదొక్కటే. మిగతా చేపలు చలికి మందగించే రోజుల్లో ఇది చురుగ్గా తిరుగుతుంది, నడి చలికాలంలో మంచు కిందే గుంపులుగా చేరి గుడ్లు పెడుతుంది. ఫిన్లాండ్ వాళ్లు దీని సూప్ కోసం చలికాలం ఎప్పుడొస్తుందా అని చూస్తారు. ఇక్కడి వాళ్లేమో సూపర్ మార్కెట్లో డబ్బులు పోసి ఫ్రోజెన్ కాడ్ కొనుక్కుంటారు, దాని చుట్టాన్ని మంచు మీద పారేస్తారు.

మనవాళ్లూ తక్కువ కాదు. ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడితే "ఛీ, క్యాట్‌ఫిష్ తింటావా" అని అందరూ మీద పడ్డారు. ఇది క్యాట్‌ఫిష్ కాదు. అయినా క్యాట్‌ఫిష్ అంటే మనకు ఇంత వెగటు ఎందుకొచ్చింది? 2000లోనే కేంద్రం నిషేధించిన ఆఫ్రికన్ రకాన్ని దొంగ చెరువుల్లో కోళ్ల వ్యర్థాలు వేసి పెంచి అమ్మడం వల్ల. తప్పు పెంచినవాళ్లది, చేపది కాదు. నెలల తరబడి ఫ్రిజ్‌లో పడున్న రోహు ముక్కలు ఇండియన్ స్టోర్లో కొనుక్కుంటూ, నిన్న నీళ్లలో ఈదిన చేపను వద్దనడం నాకు అర్థం కాదు.

ఇంటికొచ్చి అమ్మకు వీడియో కాల్ చేశాను. "మార్పు చేపలా ఉంది కదరా, ఉప్పేసి రుద్ది జిగురు వదిలించు" అంది. రుద్దినా దీని తోలు తీసేయాల్సిందే. తల వెనక చుట్టూ కోసి, పటకారుతో పట్టుకుని తోక దాకా లాగితే మొత్తం ఊడొస్తుంది. లోపల తెల్లటి, గట్టి కండ. ముళ్ల గొడవ చాలా తక్కువ, పిల్లలకు భయం లేకుండా పెట్టొచ్చు. ఇక్కడ తినే కొద్దిమంది సెవెనప్‌లో ఉడికించి కరిగించిన వెన్నలో ముంచుకుంటారు. నాకది చప్పగా అనిపించింది. ఉల్లి ముద్ద, మెంతిపొడి, చింతపండుతో మామూలు చేపల పులుసే దీనికి సరైన వంట.

ఒక్క జాగ్రత్త ఉంది. ముక్కలు మొదట్లోనే వేసి మరిగిస్తే రబ్బరులా సాగుతాయి. పులుసు దగ్గరపడ్డాక వేసి, గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని కుదపండి. లోపలి దాకా ఉడకాలి, ఎందుకంటే ఈ చేపల్లో బద్దెపురుగు ఉండొచ్చు. కాలేయం పెద్దగా ఉంటుంది, ఏ, డి విటమిన్లు దండిగా ఉంటాయి. మేం దాన్ని విడిగా మిరియాలతో వేయించాం. ఆ రోజు గోడకు ఆనుకుపోయిన మావాడే రెండోసారి అన్నం కలుపుకున్నాడు.

మిన్నెసోటాలో ఉన్నవాళ్లెవరికైనా ఈ చలికాలం ఇది పడి, తోలు తీయడం దగ్గర ఆగిపోతే నాకు రాయండి. ఎలా తీయాలో వీడియోలో చూపిస్తాను.