ఇంటికి నెట్: స్పీడ్ కన్నా ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది

ప్రశ్న: మాది కాజీపేట. ఇంట్లో నలుగురం. అబ్బాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. ఒకరు 499కి 40 ఎంబీపీఎస్ ఫైబర్, ఇంకొకరు ఓటీటీలు కలిపి 999కి 200 ఎంబీపీఎస్ ఇస్తామంటున్నారు. ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఉచితమట. మా తమ్ముడేమో ఎయిర్‌ఫైబర్ పెట్టించుకోమంటున్నాడు. ఏది మేలు?

జవాబు: 499 ఫైబరే తీసుకోండి. ఈ ధరల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి నెలకు కట్టేది దాదాపు 589, రెండోదానికి 1,179. ఏడాదికి 7,080 రూపాయల తేడా. అబ్బాయి వీడియో మీటింగ్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. టీవీలో 4కే సినిమాకు 15 నుంచి 25 కావాలి. రెండూ ఒకేసారి నడిచినా 40 సరిపోతుంది.

అసలు చూడాల్సింది వైరు తెగితే ఎవరొస్తారన్నది. మన వైపు ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా, డాబాల మీదుగా వేలాడుతుంటుంది. కోతుల గుంపు వచ్చిందంటే ఊగి, లాగి, తెంపేస్తాయి. రెండు రోజులు నెట్ రాకపోతే అబ్బాయి సెలవు పెట్టాల్సిందే. అందుకే మీ గల్లీలో అదే కనెక్షన్ ఉన్నవాళ్లను అడగండి, ఫిర్యాదు చేశాక మనిషి ఎంతసేపటికి వచ్చాడని. కంపెనీ పేరు చూసి నమ్మేయొద్దు. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల స్థానిక కేబుల్ ఆపరేటర్లే ఇస్తారు, అందుకే సర్వీసు వీధికో రకంగా ఉంటుంది.

ఎయిర్‌ఫైబర్ డాబా మీది యాంటెనాతో 5జీ సిగ్నల్ అందుకుంటుంది. వైరు గొడవ లేదు. కానీ అదే టవర్‌ను వాడే జనం పెరిగితే స్పీడ్ తగ్గుతుంది. డేటా పరిమితి కూడా తక్కువే. ఫైబర్ రాని ఊళ్లకు అది వరం, మీకు అవసరం లేదు.

ఏడాది డబ్బు మాత్రం ముందే కట్టకండి. ఒక నెల 589 మిగులుతుందని పదకొండు నెలల 6,477 వాళ్ల చేతిలో పెడితే, సర్వీసు బాగాలేకున్నా మారలేరు. ఒక వానాకాలం నెలనెలా కట్టి చూడండి. ఇన్‌స్టలేషన్ చార్జీ ఎంత, రౌటర్ ఎవరిది, మానేస్తే డిపాజిట్ తిరిగిస్తారా అన్నవి రాయించుకోండి.

కరెంటు పోతే రౌటరూ ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనండి.

వైఫై వచ్చాక ఇంటిపట్టున ఉండేవాళ్ల ఫోన్లకు రోజుకు 2 జీబీ ప్యాక్ దండగ, చిన్న ప్యాక్‌కు మార్చేయండి. అబ్బాయి సిమ్‌కు మాత్రం తగ్గించొద్దు. అది బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరేదైతే ఇంకా మంచిది. ఫైబర్ తెగిన రోజు హాట్‌స్పాట్‌తో పని గడిచిపోతుంది.