రంగు మారిస్తే రీమేక్ కాకుండా పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి అట్లాంటాలో ఫిల్మ్ కోర్సు చదువుతున్నాడు. 1985లో వచ్చిన 'ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' సినిమాను మొత్తం నల్లజాతి నటులతో తీసి యూట్యూబ్‌లో పెడతాడట. డబ్బు కోసం కాదు, పాత్రలూ మారుతున్నాయి, ఇంక కేసేంటి అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కేసు ఉంటుందండీ. నటుల జాతి మార్చకూడదని ఏ చట్టమూ అనదు, కానీ అదొక్కటి మార్చినంత మాత్రాన కథ మీవాడిదైపోదు. ఇలాంటి స్టూడియో సినిమాలకు అమెరికాలో 95 ఏళ్ల కాపీరైట్, అంటే 2080 చివరిదాకా రీమేక్ హక్కు యూనివర్సల్ వాళ్లదే. తమిళ సినిమా రైట్స్ కొనకుండా హీరోని మార్చి తెలుగులో తీస్తే ఊరుకుంటారా? అదే లెక్క. డబ్బు కోసం కాదన్న మాట కాస్త పనికొస్తుంది గానీ, అదొక్కటే కాపాడదు. మామూలుగా ముందు వీడియో లేపేస్తారు, కోర్టుకెక్కి కావాలనే చేశాడని తేలితే పరిహారం లక్షా యాభై వేల డాలర్ల దాకా పోవచ్చు.

అయితే ఐడియాకు కాపీరైట్ లేదు. శనివారం బడిలో శిక్షకు కూర్చున్న పిల్లలు, ఇది ఎవరైనా రాసుకోవచ్చు. అవే ఐదు పాత్రలు, అదే లైబ్రరీ, 'నేనెవరిని' అనే వ్యాసం, చివర్లో మైదానంలో పిడికిలెత్తే షాట్, ఇవన్నీ వరసగా దించితేనే గొడవ.

ఆ సినిమాలో బాగా చదివే కుర్రాడి లాకర్‌లో ఫ్లేర్ గన్ (సిగ్నల్ మంట వదిలే తుపాకీ) పేలుతుంది, శిక్ష ఒక శనివారం, ఒక వ్యాసం, అంతే! అదే నల్లజాతి పిల్లాడి లాకర్ అయితే వ్యాసం రాయమంటారా, పోలీసులకు ఫోన్ చేస్తారా? మీవాణ్ని అక్కడ మొదలుపెట్టమనండి, నిజాయితీగా రాస్తే రెండో సీన్‌కే కథ వేరే దారి పడుతుంది, ఎంత దూరం పోతే చట్టపరంగా అంత మంచిది.

'గాన్ విత్ ద విండ్' అనే అమెరికన్ నవలను బానిస స్త్రీ వైపు నుంచి తిరగరాసిన ఆలిస్ రాండాల్ నవలను కింది కోర్టు ఆపేస్తే, 2001లో ఆ అట్లాంటాలోనే ఉన్న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ ఆర్డర్ కొట్టేసింది, ఎందుకంటే అది మూలకథనే నిలదీసింది. కానీ ఆమె వెనక పబ్లిషర్ ఉన్నాడు, లాయర్లున్నారు, మీవాడి వెనక మీరే కదా.

ఇదంతా తలనొప్పి అనుకుంటే కాపీరైట్ గడువు తీరిపోయిన పాత నవల పట్టుకోమనండి, 1995లో 'క్లూలెస్' తీసినవాళ్లు 1815 నాటి జేన్ ఆస్టిన్ 'ఎమ్మా'ను వాడుకున్నారు, ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ఏది తీసినా 'బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' అన్న టైటిల్, ఆ సినిమాలోని పాట మాత్రం వద్దు, పాటకు హక్కులు వేరే ఉంటాయి. షూటింగ్ అయ్యాక కాదు, స్క్రిప్ట్ అవగానే అక్కడి లాయర్‌కి ఒకసారి చూపించమనండి.