పీఎస్‌ఏ ఎక్కువొచ్చిందా? ముందు మీరు వాడే మాత్ర సంగతి చెప్పండి

ప్రశ్న: నా వయసు 62. ఐదు నెలల కిందట హెల్త్ చెకప్‌లో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే రక్తపరీక్ష) 6.8 వచ్చింది. ఇవి చాలావరకు ఫాల్స్ పాజిటివ్‌లేనని, అంటే జబ్బు లేకున్నా ఉన్నట్టు చూపేవేనని, యాంటీబయాటిక్ వాడితే తగ్గుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. మందుల షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ రెండు వారాలు వేసుకున్నాను. మూత్రం సాఫీగా రావడానికి ఏడాదిగా డ్యూటాస్టెరైడ్ ఉన్న మాత్ర వాడుతున్నాను. మంట, జ్వరం లాంటివేమీ లేవు. నాది ఫాల్స్ పాజిటివే అనుకోవచ్చా? బయాప్సీ తప్పుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో నా కళ్లు డ్యూటాస్టెరైడ్ అన్న మాట దగ్గరే ఆగాయి. ఈ మందుగానీ, ఇదే కోవకు చెందిన ఫినాస్టెరైడ్‌గానీ ఆరు నెలల నుంచి ఏడాది వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే వీటిని వాడేవాళ్ల రిపోర్టును మేం రెట్టింపు చేసి చదువుతాం. పరీక్ష నాటికే మీరు ఏడు నెలలుగా వాడుతున్నారు. కాబట్టి మీ 6.8ని 13కు పైనే అనుకుని చూడాలి. ఈ మాత్ర గురించి ల్యాబ్‌లో ఎవరికైనా చెప్పారా? జుట్టు రాలకుండా వాడే కొన్ని మాత్రల్లోనూ ఫినాస్టెరైడ్ ఉంటుంది, చాలామంది దాన్ని మందుల లెక్కలోనే వేసుకోరు.

13 అంటే క్యాన్సరేనని నేను అనడం లేదు. పీఎస్‌ఏ అంటే, మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి మామూలుగానే తయారుచేసే ప్రొటీన్. గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, మూత్రం ఆగిపోయి గొట్టం వేసినా అది పెరుగుతుంది. 4 నుంచి 10 మధ్య ఉన్నవాళ్లకు బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ కనబడుతుంది. మీవాళ్లు చెప్పింది ఆ మేరకు నిజమే. 10 దాటితే మాత్రం ఆ అవకాశం సగానికి మించుతుంది. అందుకే మీ విషయంలో ఫాల్స్ పాజిటివ్ అని ధైర్యం చెప్పి పంపలేను.

ఇక ఆ యాంటీబయాటిక్. ఇది మాత్రం మీరు చేయకుండా ఉండాల్సింది. మంట లేదు, జ్వరం లేదు, మూత్ర పరీక్ష చేయించినట్టూ రాయలేదు. మరి దేనికి వాడినట్టు? పీఎస్‌ఏ తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కోర్సు తర్వాత కాస్త తగ్గితే మందు పనిచేసిందని, ఇక క్యాన్సర్ లేదని అనుకుంటారు. ఆ రెండూ రుజువు కానట్టే. పైగా సిప్రోఫ్లాక్సాసిన్ వాడాక పేగుల్లో ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలిపోవచ్చు. రేపు మలద్వారం మీదుగా బయాప్సీ చేయాల్సి వస్తే అదే బ్యాక్టీరియా రక్తంలోకి చేరి తీవ్రమైన ఇన్ఫెక్షన్ తెచ్చే ముప్పు ఉంది. కాబట్టి ఏ మందు, ఎన్నాళ్లు, ఎప్పుడు వాడారో మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. దాన్నిబట్టి వాళ్లు ముందు జాగ్రత్త మార్చుకుంటారు, లేదా మలద్వారం జోలికి పోకుండా దాని ముందు భాగంలోని చర్మం నుంచి సూది పంపుతారు.

ఐదు నెలలు ఇలాగే గడిచిపోయాయి. ఇక ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే యూరాలజిస్టును కలవండి. వేలితో గ్రంథిని పరీక్షిస్తారు, దానికి మొహమాటపడొద్దు. మూత్ర పరీక్ష, మళ్లీ పీఎస్‌ఏ చేయిస్తారు. వీలైతే పాత ల్యాబ్‌లోనే ఇవ్వండి. దానికి ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం, సైకిల్ తొక్కడం వద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ నిజంగానే బయటపడితే అది తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పీఎస్‌ఏ చూడాలి. అంకె తేటగా కనబడాలని డ్యూటాస్టెరైడ్‌ను మీరే ఆపేయకండి, లెక్క ఇంకా గజిబిజి అవుతుంది.

బయాప్సీ అంటే మీకున్న భయం నాకు అర్థమైంది. ఇప్పుడు చాలాచోట్ల ముందు ఎంఆర్‌ఐ తీస్తున్నారు. అందులో అనుమానం లేకపోతే, గ్రంథి సైజుతో పోల్చినప్పుడు పీఎస్‌ఏ తక్కువే అనిపిస్తే బయాప్సీని వాయిదా వేసే అవకాశం ఉంది. ఒకవేళ క్యాన్సర్ తేలినా, తక్కువ ప్రమాదం ఉన్న రకమైతే వెంటనే ఆపరేషన్ చేయకుండా క్రమం తప్పక పరీక్షలు చేస్తూ గమనిస్తారు. ఇవన్నీ మిమ్మల్ని చూశాకే తేల్చాల్సినవి, ఉత్తరం చదివి నేను చెప్పలేను.

మీ తండ్రికిగానీ అన్నదమ్ములకుగానీ ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందా అన్నది మీరు రాయలేదు. వచ్చి ఉంటే అది కూడా చెప్పండి. ఈలోగా చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, అందులో రక్తం కనబడినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.